బనీ జమ్రా మగ్గాల దగ్గర మా వియ్యపురాలి వంశం

సిరిసిల్లలో సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద బతికినవాణ్ణి, చదువు అంతంతమాత్రం. ఈ వయసులో విమానమెక్కి బహరేన్ చూస్తానని కలలో కూడా అనుకోలేదు. జుఫైర్‌లో హోటల్ ఉద్యోగం చేసే నా బిడ్డ లావణ్య, అక్కడే పనిచేసే ఐర్లాండు అబ్బాయిని పెళ్ళాడతానంది. నేను ఔనంటేనే చేసుకుంటానని కూడా అంది. తల్లి లేని నన్ను పెంచింది మా అక్క. ఆమెను కాదని నేను ఔననలేను. అక్క ఒక్కటే అడిగింది: "తెల్లోళ్ళైతే అయిన్రు తమ్మీ, ఏమోళ్ళో, ఏం కులమో కనుక్కొని రా." అబ్బాయి తల్లి నోరా గారు కూడా అక్కడికి వస్తున్నారని తెలిసి బయల్దేరాను.

హైదరాబాదు నుంచి నేరుగా విమానం ఉంది, నాలుగు గంటల పైచిలుకు ప్రయాణం. వీసా బిడ్డే ఆన్‌లైన్లో తీసింది. హూరా అనే పేటలో గది తీసుకుంటే అద్దె తక్కువ, మన భోజనమూ దగ్గర్లోనే దొరుకుతుంది. మర్నాడు పొద్దున ఎనిమిదింటికి గంగన్న కారు తెచ్చాడు. జగిత్యాల మనిషి, బుదైయాలో కఫీల్ ఇంట్లో, అంటే వీసా ఇచ్చిన యజమాని ఇంట్లో డ్రైవరు, ఆ రోజు సెలవు. పెట్రోలుకు తప్ప పైసా తీసుకోలేదు. బుదైయా రోడ్డు మీద అరగంట వెళితే బనీ జమ్రా అనే ఊరు. అక్కడ ఇంకా చేతిమగ్గాలు ఆడుతున్నాయని, చూడాలని నోరా గారే కోరారు. అబ్బాయికి డ్యూటీ, లావణ్య మాతో వచ్చింది.

ఎంత మంచి మనిషో ఆమె! ఏళ్ళ తరబడి తమ పూర్వీకుల కోసం వెతుకుతున్నారు. వెనకటికి ఫ్రాన్సులో మతం పేరిట హింస పడలేక హ్యూగెనోలనే జనం దేశం విడిచారట. కొందరు ఐర్లాండు చేరారట, వాళ్ళలో నేతగాళ్ళు చాలామందట. నోరా గారి ఇంటిపేరు ఆ జనం పేర్లలాగే ఉంటుందని కారులో లావణ్య ఆమె ఇంగ్లీషును తెలుగులో చెబుతూ వచ్చింది. "నేతోళ్ళే బాపూ, పక్కా" అంది. నా ఆనందం ఏమని రాయను! సముద్రాల అవతల కూడా మనవాళ్ళే దొరికారని పొంగిపోయాను.

మగ్గం చూడగానే కాళ్ళు వాటంతటవే ఆగాయి. మన గుంత మగ్గమే. అదే పడుగు, అదే పేక. నేసే ముసలాయన నవ్వి నోరా గారి చేతికి పేక దారం మోసే నాడె ఇచ్చాడు. ఆమె విసిరితే అది పడుగు దాటి నేల మీద పడింది. అందరికంటే ఎక్కువ నవ్వింది ఆమే. నవ్వుతూ ఏదో అంది. మొదటిసారి కదా అందుకే అంటున్నారని లావణ్య చెప్పింది.

గంగన్న గొంతు సవరించుకున్నాడు. "కాకా, చెప్పకుంటే నాకు పాపం తగులుతది. ఆమె అన్నది మొదటిసారని కాదు. తన వంశం నేతోళ్ళని చెప్పనీకి ఈ ఇసురుడు సాక్ష్యం కాదు అంటుంది. పొద్దటి సంది మేబీ, మేబీ అనే అంటుంది. పక్కా అని ఒక్కసారి గూడ అనలే."

లావణ్య తల వంచుకుంది. తన మేనత్త కులం అడిగింది కదా అని అలా చెప్పానంది. ఈ సంబంధం మా అక్క ప్రశ్న దగ్గర ఆగి ఉందని గంగన్నతోనే నోరా గారికి చెప్పించాను. ఆమె కింద పడ్డ నాడెను తీసి ముసలాయన చేతికిచ్చి చెప్పింది. ఐర్లాండులో పాత రికార్డులు మంటల్లో కాలిపోయాయట. ఆమెకు తెలిసిన పెద్దలంతా గొర్రెలు కాసినవాళ్ళేనట. వాళ్ళకు ముందు ఏమిటో తెలియదట. "నేతవాళ్ళమే కావాలని నాకూ ఆశే. కానీ తేలకుండా ఔననలేను, పిల్లల పెళ్ళి కోసమైనా" అందని గంగన్న చెప్పాడు.

నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. అక్కడి నుంచే అక్కకు ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పాను.

"తెల్వదని ఆమెనే చెప్పిందా?" అంది అక్క. "నా పెండ్లప్పుడు మీ బావోళ్ళు పదెకరాలున్నయన్నరు. పోయి చూస్తే అన్ని రాళ్ళే. ముహూర్తం పెట్టుకో తమ్మీ."

ఆ మాట విన్నాక నా బిడ్డ మొహం చూడాలి! బహరేన్‌లో కోటలున్నాయి, సముద్రముంది, అన్నీ బాగున్నాయి. నాకు మాత్రం తెలియనిది తెలియదని చెప్పిన ఆ తల్లి దొరికింది. ఆమె వెతుకులాట ఫలించాలని రోజూ దణ్ణం పెట్టుకుంటున్నాను, అయితే పెళ్ళి అందాక ఆగదు. బనీ జమ్రాకు పొద్దున్నే వెళ్ళండి, మధ్యాహ్నానికి మగ్గాలు ఆగిపోతాయి. భాష తెలిసిన మనిషినీ వెంట తీసుకెళ్ళండి. సంబంధం మాట్లాడే పనైతే మాత్రం ఆ మనిషి పెళ్ళికూతురు కాకుండా చూసుకోండి.