కొబ్బరినూనె రాసిన తుపాకీ

మా ఊరి చుట్టుపక్కల అన్నిటికంటే పెద్ద జంతువు పక్కింటివాళ్ళ గేదె. అయినా ఒక నెల రోజులపాటు మా ఇంట్లో భోజనాల దగ్గర నడిచిన చర్చంతా అడవిదున్నని పడగొట్టడానికి ఏ తుపాకీ మంచిదన్నదే. వేట కూడదని చట్టం వచ్చేనాటికి నేను పుట్టనే లేదు. ఆ సంగతి మా మామయ్యగారికి తెలియక కాదు. ఉన్న తుపాకుల్లోంచి ఎంచుకోవాల్సిన అవసరం వచ్చింది, ఎంచుకునేదేదో వేటగాడిలాగే ఎంచుకోవాలని ఆయన పట్టుదల.

మా ఇంట్లో లైసెన్సున్న తుపాకులు మూడు. ఒకటి మామయ్యగారి నాన్నగారు, అంటే తాతగారు, ఎంతో ముచ్చటపడి కొన్న లీవరు తుపాకీ. రెండోది జోడుగొట్టం. మూడోది ఒంటిగొట్టం, మామయ్యగారి పినతండ్రి పోయాక మా ఇంటికొచ్చింది. ఎన్నికలొచ్చినప్పుడల్లా మూడింటినీ పాత దుప్పట్లో చుట్టి పోలీసు స్టేషన్లో అప్పజెప్పడం, అయ్యాక తెచ్చుకోవడం మాకు అలవాటే. ఈసారి చట్టమే మారింది. ఒక మనిషి పేరు మీద రెండే ఉండాలి, మూడోది ఇచ్చేయాలి.

"లీవరుది ఇచ్చే ప్రసక్తి లేదు," అన్నారు మామయ్యగారు మొదటిరోజే.

"అయితే ఇంక ఈ చర్చ దేనికండీ?" అన్నారు అత్తయ్యగారు పప్పు వడ్డిస్తూ.

"అన్నీ చూసి తేల్చామని ఉండాలి కదే. నా ఇష్టం కాబట్టి ఉంచానంటే ఏం బావుంటుంది?"

అలా చూడడం మొదలైంది. నేను హైస్కూల్లో సైన్సు చెబుతాను కాబట్టి గుండు బరువు, వేగం, దెబ్బ బలం నా వంతుకొచ్చాయి. ఎక్కడో మంచుకొండల దేశంలో పెద్ద గడ్డం ఉన్న ఒకాయన ఎలుగుబంట్లని వేటాడుతూ వీడియోలు పెడతాడు. ఆయన ఇంగ్లీషు మా ఇద్దరికీ సగమే అర్థమయ్యేది. ఆ మిగతా సగం మామయ్యగారు తన తెలుగుతో పూరించేవారు.

"చూడమ్మా, ట్రిగ్గరు చుట్టూ ఆ ఇనప పిడి ఉందే, దాన్ని కిందకి లాగి పైకి కొడితే పాత తూటా బయటికి, కొత్త తూటా లోపలికి. తుపాకీ భుజం మీంచి దించక్కర్లేదు. జోడుగొట్టానికి రెండే దెబ్బలు. రెండూ తప్పేయనుకో, కాస్త ఆగు, తూటా పెట్టుకుంటానంటే పులి ఆగుద్దా?"

ఆగదని నేను ఒప్పుకున్నాను. పొదల్లో తిరగడానికి గొట్టం పొట్టిగా ఉండాలి, దున్నకి గుండు బరువుగా ఉండాలి, కొండెక్కేవాడికి తుపాకీ తేలిగ్గా ఉండాలి. ఈ మూడు పరీక్షల్లోనూ లీవరు తుపాకీయే నెగ్గింది. నెగ్గకపోతే ఆయన నాలుగో పరీక్ష పెట్టేవారు.

అన్నిటికన్నా పెద్ద సాక్ష్యం తాతగారి పులి. పాపికొండల్లో, పుష్యమాసం చలిలో, మంచె మీద కూర్చుని, ఈ తుపాకీతోనే తాతగారు తొమ్మిదడుగుల పులిని కొట్టారు. దానికి ముందు దున్నలు, కణుతులనే కొండదుప్పులు లెక్కలేనన్ని. తోలేదండీ అని ఎవరైనా అడిగితే, గోదారి వరదకి పోయిందని జవాబు సిద్ధంగా ఉండేది. నా పెళ్ళిచూపుల్లో కాఫీ కంటే ముందు ఈ పులి వచ్చింది. పెళ్ళికొడుకు గురించి నాకు తెలిసింది తక్కువ, పులి గురించి తెలిసింది ఎక్కువ.

ఒకరోజు ఆ పిడి ఎలా లాగాలో నాకు చూపిద్దామని ఆయన తుపాకీ తీశారు. పిడి కదల్లేదు. మోకాలి మీద పెట్టి లాగారు. నేనూ ఒక చెయ్యి వేశాను. ఊహూ. నిజానికి దాన్ని ఎవరూ లాగి చూసి ఎన్నాళ్ళయిందో ఎవరికీ గుర్తులేదు. దసరాకి ఆయుధపూజలో మిగతా రెండింటితోపాటు పీట మీద పెట్టడం, పసుపూ కుంకుమా అద్దడం, అత్తయ్యగారు మా చెట్ల కొబ్బరితో ఆడించిన నూనె లీవరు తుపాకీకి ధారాళంగా పట్టించడం, అంతే. మా ఇంట్లో తలకీ, తలుపు బందులకీ, కుట్టుమిషనుకీ, ఆ తుపాకీకీ ఒకటే నూనె.

సెలవు పెట్టి, కారులో మామయ్యగారినీ తుపాకీనీ రాజమండ్రి తీసుకెళ్ళాను. తుపాకులు బాగుచేసే పెద్దాయన మరలు విప్పి, లోపలికి టార్చి వేసి, చాలాసేపు చూశాడు. తర్వాత సన్నటి పుల్లతో గీకితే ముదురు పాకంలాంటిది పెచ్చులుగా ఊడింది. అందులో కుంకుమ ఉంది. నాలుగు అక్షింతలు కూడా ఉన్నాయి.

"ఏం రాశారండీ దీనికి?"

"కొబ్బరినూనె," అన్నారు మామయ్యగారు, తప్పు చేసిన పిల్లాడిలా.

"ఆయ్, ఇంకో రెండు దసరాలు ఆగుంటే ఇందులో అట్లు పోసుకోవచ్చండి."

అందరం నవ్వాం. ఆయన గంటసేపు కడిగి, తుడిచి, గొట్టంలోకి టార్చి వేసి చూసి మెచ్చుకోలుగా తలాడించాడు. "మీరు అదృష్టవంతులండి. లోపల చారలు ఎంత పదునుగా ఉన్నాయో చూడండి. వేటకి తిప్పిన తుపాకీ కాదండి ఇది. నన్నడిగితే ఒక్క గుండు కూడా పేలలేదండి దీంట్లోంచి."

పాపం, ఆయన పొగిడాననే అనుకున్నాడు. మామయ్యగారు "అలాగా అండి" అన్నారు. అంతే.

తిరుగుదారిలో రావులపాలెం దగ్గర అరటిగెల బేరం చెయ్యకుండా ఆయన ఎప్పుడూ ఇంటికి రారు. ఆ రోజు కారు ఆపమని కూడా అనలేదు. వంతెన దాటాక అన్నారు, "దీన్నే ఇచ్చేద్దామమ్మా." ఇన్నేళ్ళూ ఆ పులిని వెక్కిరించినదాన్ని నేనే. కానీ ఆయన గొంతు వినగానే నాకు ఏడుపొచ్చింది. పులి చావలేదని ఏడ్చిన సైన్సు టీచరుని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

రెండు రోజులు ఆయన సరిగా అన్నం తినలేదు. ఫోనులో గడ్డం ఆయన ఎలుగుబంట్లు మామయ్యగారి కోసం ఎదురుచూసి ఊరుకున్నాయి. మూడోరోజు పొద్దున్న దరఖాస్తు ముందు పెట్టుకుని, ఇచ్చేసే తుపాకీ గడిలో లీవరు తుపాకీ నంబరు వేశారు. సంతకం పెట్టబోతుంటే అత్తయ్యగారు వచ్చి కలం లాక్కున్నారు.

"అది ఇవ్వక్కర్లేదండీ. మావగారు పులిని చూసిన మాట నిజం. కాల్చిన మాటే అబద్ధం."

మామయ్యగారు తలెత్తారు.

"నేను కాపరానికొచ్చిన ఏడాది దసరాకి, తుపాకీకి నూనె ఎలా రాయాలో చూపిస్తూ అత్తగారు చెప్పేరు. మావగారు మంచె మీద ఉండగా సందెవేళ పులి వచ్చిందంట. పిడి లాగితే రాలేదంట. రెండు చేతులతో లాగినా రాలేదంట. దసరాకి అత్తగారు రాసిన నూనె ఆ కొండ చలికి గడ్డకట్టేసింది. పులి నీళ్ళు తాగి, తలెత్తి మావగారిని చూసి, దాని దారిన అది పోయిందంట."

నేను ఉండబట్టలేక అందుకున్నాను. "మనకే చలికాలం సీసాలో గడ్డకడుతుంది కదండీ మామయ్యగారూ. ఆ కొండల్లో చెప్పాలా!"

"ఆ చూపు చూశాక ఇంక దేన్నీ కొట్టలేనన్నారంట. కొత్త తుపాకీ, మొదటి వేట, అదే ఆఖరిది. ఊళ్ళోవాళ్ళు పులేదీ అంటే మాత్రం మొహం చెల్లక కొట్టేశానన్నారు. దున్నలూ కణుతులూ తర్వాత వచ్చి చేరేయి. ఏటా ఆ నూనె మానొద్దని అత్తగారికి చెప్పింది ఆయనే."

"ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదే?"

"పులి కథ చెప్పేటప్పుడు మీ మొహం చూస్తే చెప్పబుద్ధేసేది కాదు."

ఆయన తల దించుకున్నారు. భుజాలు కదులుతున్నాయి. నేను కంగారుపడి నీళ్ళ గ్లాసు తెచ్చేసరికి ఆయన నవ్వుతున్నారు. కళ్ళనీళ్ళు కారుతున్నాయి, నవ్వు ఆగడం లేదు. "పని చెయ్యని తుపాకీ పట్టుకుని, పులికి ఎదురుగా కూర్చున్నాడే మా నాన్న! చంపడానికేముంది, తుపాకీ పేలితే ఎవడైనా చంపుతాడు." కలం తీసుకుని వేసిన నంబరు కొట్టేసి, ఒంటిగొట్టం నంబరు రాశారు. ఆ పూట రెండుసార్లు పప్పు వడ్డించుకున్నారు.

ఆ దసరాకి, రాజమండ్రి పెద్దాయన ఇచ్చిన తుపాకీ నూనె జోడుగొట్టానికి రాశాం. లీవరు తుపాకీకి మాత్రం మామయ్యగారే కూర్చుని, చేతులారా కొబ్బరినూనె పట్టించారు.

ఇప్పుడు వచ్చినవాళ్ళందరికీ ఆయన నిజం కథే చెబుతున్నారు. గడ్డకట్టిన నూనె, కదలని పిడి, పులి చూపు, ఏదీ దాచరు. మొన్న మా స్కూలువాళ్ళు వస్తే వాళ్ళకీ చెప్పారు. వాళ్ళు వెళ్ళాక నేను ఆటపట్టించాను. "మామయ్యగారూ, పెళ్ళిచూపుల్లో తొమ్మిదడుగులన్నారు. ఇవాళ పదకొండు అడుగులన్నారేంటండీ?"

ఆయన ఏమాత్రం తడుముకోలేదు.

"అప్పుడంటే చచ్చిపోయిన పులమ్మా. బతికున్నది పెరగదా మరి?"