మరియమ్మగారు మర్చిపోని ఇరవై మాటలు

నా మొదటి ఉద్యోగాన్ని నా నోటితో నేనే ఎలా ఊడగొట్టుకోబోయానో చెప్తాను, వినండి. ఇందులో ఎక్కడైనా నా తెలివి కనిపిస్తే నాకూ చూపించండి.

పంతొమ్మిదివందల యాభైల చివర్లో సంగతి. బందరులో మా సైకాలజీ ప్రొఫెసరుగారు, మనిషి నేర్చుకున్నది ఎన్నాళ్లకు ఎంత మర్చిపోతాడో చెప్పే సమీకరణం ఒకటి కట్టారు. దాన్ని పరీక్షించడానికి అర్థంలేని మాటలు ఇరవై రాశారు: రిబూ, లెకో, మషీ, దొపు... వీటిని జనానికి నేర్పి, వారం తర్వాత అడిగి రావడం నా పని. సరిగ్గా చేస్తే ఉద్యోగం ఖాయం. లేదంటే గుడివాడలో మావయ్య కిరాణా కొట్లో పొట్లాలు కట్టుకోవడమే.

"మళ్లీ అడుగుతామని మాత్రం వాళ్లకి చెప్పకు" అని ఆయన పదిసార్లు చెప్పారు. నేను పదిసార్లూ తలూపాను.

బందరు పక్కనే ఉన్న గూడూరు దగ్గర ఒక ఊళ్లో, ఆదివారం చర్చి అయ్యాక, నాట్లేసే ఆడవాళ్లు పన్నెండుమందిని అరుగు మీద కూర్చోబెట్టి నేర్పాను.

"ఇవేం మాటలు నాయనా?" అన్నారు వాళ్ల పెద్ద మరియమ్మగారు.

"అర్థమేమీ లేదండీ. వచ్చే ఆదివారం మళ్లీ అడుగుతాను. అందరూ ఉండాలండీ, నా ఉద్యోగం మీ చేతుల్లోనే ఉంది!"

చూశారా నా తలకాయ!

మరుసటి ఆదివారం ఒక్కొక్కరినీ విడిగా పిలిచాను. పన్నెండుమందీ ఇరవై మాటలూ పొల్లుపోకుండా, అదీ రాగం తీస్తూ, అప్పజెప్పారు.

"ఎలా గుర్తున్నాయండీ?"

"వారమంతా నాట్లేస్తా పాడుకున్నాం నాయనా. మా రూతమ్మకి దొపు కాడ తడబాటొచ్చేది. అది సరిగ్గా చెప్పేదాకా అన్నానికి లేవనిచ్చామా? నీ ఉద్యోగం పోతే మేం చూస్తా ఊరుకుంటామా?"

నాకు ఏడుపొచ్చింది. సగం వాళ్ల ప్రేమకి, సగం నా ఉద్యోగానికి.

ప్రొఫెసరుగారు కాగితం మీద గీత గీశారు. కిందికి జారాల్సిన గీత నాట్లకి దమ్ము చేసిన మడిలా చదునుగా ఉంది.

"మళ్లీ అడుగుతామని చెప్పావా?"

"మర్చిపోయి చెప్పేశానండీ."

"ఏం మర్చిపోయి?"

"చెప్పకూడదన్న సంగతండీ."

ఆయన కళ్లజోడు తీసి, కళ్లు తుడుచుకుంటూ పడీపడీ నవ్వారు. తర్వాత సమీకరణం చివర కొత్త అక్షరం ఒకటి చేర్చారు. "ఎవరి కోసం గుర్తుపెట్టుకుంటున్నారో నేను లెక్కలోకే తీసుకోలేదయ్యా! రేపట్నించి నీ పని అదే. బస్సెక్కి మళ్లీ వెళ్లు. ఈసారి నోరు మూసుకో."

అలా ఉద్యోగం నిలిచింది. ఆ సమీకరణం ఇప్పుడు ఒక్క ముక్కా గుర్తులేదు గానీ, రిబూ లెకో మాత్రం రాగంతో సహా పాడగలను. ఇక జన్మలో పెద్దలు చెప్పిన మాట మర్చిపోనని ఆ రోజే గట్టిగా ఒట్టు పెట్టుకున్నాను.

ఎవరి మీద పెట్టుకున్నానో మాత్రం గుర్తులేదు.