మూడు గంటల బస్సుకు వేసిన కవరు

నేనేం ఉద్యోగం చేస్తున్నానో మా నాయనకు చెప్పకుండా రెండేళ్ళు నెట్టుకొచ్చాను. "ఆరోగ్యానికి సంబంధించిన పని" అనేవాడిని. "దాంట్లో నువ్వేం జేస్తావురా?" అని అడిగితే "ట్రైనింగ్ ఇస్తాను నాయనా" అనేవాడిని. "ఎవురికి?" అని ఆయన అడిగేలోపల ఆవు ఈనిందా, బోరులో నీళ్ళు ఎట్లా ఉన్నాయి అని మాట మళ్ళించేవాడిని. చెరుకు తోట, బెల్లం గానుగ ఉన్న మనిషి. కొడుకు తిరుపతిలో పెద్ద చదువు చదివి, చిత్తూరులో సెక్స్ వర్కర్లకు కండోమ్ తొడగడం నేర్పుతున్నాడని తెలిస్తే ఏమంటాడో ఊహించే ధైర్యం కూడా నాకు లేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలు. తిరుపతిలో ఒక చిన్న సంస్థలో చేరాను. ఆ వృత్తిలో ఉన్న ఆడవాళ్ళలోంచే పన్నెండు మందిని ఎంచి, అయిదు రోజులు శిక్షణ ఇచ్చి, తోటివాళ్ళ దగ్గరికి పంపాలన్నది మా పథకం. జబ్బుల గుర్తులు చెప్పడం, కండోమ్ వాడకం నేర్పడం, భయం లేకుండా ఆసుపత్రికి పిలుచుకొని రావడం వాళ్ళ పని. కాగితాల మీద వాళ్ళ పేరు పీర్ ఎడ్యుకేటర్లు. నోరు తిరగక మూడో రోజుకే అందరూ హెల్తక్కలైపోయారు.

శిక్షణకు ముందుగా కావలసింది కండోమ్ తొడిగి చూపడానికి చెక్క నమూనాలు. హైదరాబాదు నుంచి రావలసినవి రాలేదు. తిరుపతిలో మంచం కోళ్ళు తిప్పే ఆయన దగ్గరికి కాగితం మీద బొమ్మ గీసుకొని వెళ్ళాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మంచానికా సామీ, ఉయ్యాలకా?" అని అడిగాడు. నిజం చెప్పడానికి నోరు రాలేదు. మంచానికే అన్నాను. నాలుగు రోజుల తరువాత పోతే ఒకే కొలతలో నాలుగు తీసి, ఎర్ర రంగు పూసి, నిగనిగలాడేలా పాలిషు పట్టి ఇచ్చాడు. "బరువుకు నిలబడతాయి సామీ, ఏం భయం లేదు" అని భరోసా కూడా ఇచ్చాడు.

చిత్తూరులో ఒక కల్యాణ మండపం భోజనాల హాలు అద్దెకు తీసుకున్నాం. నాతోపాటు పాఠం చెప్పడానికి రిటైరైన నర్సమ్మ ఒకామె వచ్చేది. నేను పుస్తకంలో ఉన్నట్టు "సురక్షిత లైంగిక ప్రవర్తన" అని మొదలుపెడితే వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. నేను కోపంగా చూశాను. అప్పట్లో నాకు కోపం ముక్కుమీదే ఉండేది.

"సార్, ఇట్లా మాట్లాడితే మావోళ్ళు పరీచ్చ పెడతాండారేమో అనుకోని పారిపోతారు" అంది ఒకామె.

ఆమెను నేను అక్కా అని పిలిచేవాడిని. ముప్పై అయిదేళ్ళుంటాయి. పన్నెండు మందిలోనూ పనికొచ్చే బుర్ర ఆమెది. మొండికేసే లారీ డ్రైవరును ఎట్లా ఒప్పించాలో చేసి చూపించమంటే, నన్నే డ్రైవరుగా నిలబెట్టింది. నేను నా శాయశక్తులా మొండికేశాను. ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకొని, "ఏం అన్నా, స్టెప్నీ లేకుండా పలమనేరు ఘాటు ఎక్కతావా నువ్వు?" అంది. హాలంతా నవ్వులు. నర్సమ్మ అయితే కళ్ళు తుడుచుకునేదాకా నవ్వింది.

మొదటి రోజే నేనొక చార్టు రాసి గోడకు తగిలించాను. ఎర్ర స్కెచ్ పెన్నుతో, లావు అక్షరాలతో. ఇక్కడ విన్నది ఇక్కడే ఉండాలి, ఎవరి పేరూ ఎవరి ఊరూ గడప దాటకూడదు. రోజూ పొద్దున పన్నెండు మందిచేతా అది పలికించేవాడిని. పాఠాలన్నిటిలోకీ అదే ముఖ్యమని గంటసేపు ఉపన్యాసం కూడా ఇచ్చాను.

ఆ చార్టు ఇచ్చిన ధైర్యంతోనే కాబోలు, రెండో రోజు అక్క తన సంగతి చెప్పింది. కూరగాయల మార్కెట్టు వెనక వీధిలో ఒక గది బాడుగకు తీసుకొని, తొమ్మిదో తరగతి చదివే కూతురితో ఉంటుంది. ఇంటామెకూ వీధికీ తెలిసింది ఒక్కటే, ఆమె మండీలో టమేటాలు ఏరే పనికి పోతుందని. కూతురికీ అంతే తెలుసు.

"ఇంటామెకి తెలిస్తే ఆ పొద్దే సామాన్లు బయటేస్తాది సార్. పోనీలే, ఇంగో గది సూసుకుంటాం. ఊళ్ళో వాళ్ళు సెప్పంగా నా బిడ్డ ఇంటే మాత్రం ఇస్కూలు మానేస్తాది. దాని మొగం నేను సూడలేను" అంది. నేను గోడమీది చార్టు చూపించి, భయం లేదన్నట్టు తల ఊపాను.

అయిదో రోజు ముగింపు సభ. మన జిల్లాలో ఏ శిక్షణైనా శాలువా, సర్టిఫికెట్లు, గ్రూపు ఫోటో లేకుండా ముగిసినట్టు కాదు. ఒక ఆరోగ్య అధికారి వచ్చి, పది నిమిషాలు మాట్లాడి, సర్టిఫికెట్లు పంచి, ఫోటోకు మధ్యలో కూర్చున్నారు. "ఫోటో ఎందుకు సార్?" అని ఎవరో అడిగితే "మన జ్ఞాపకానికి" అన్నాను. అప్పటికి అది అబద్ధం కాదు.

తరువాతే నా బుర్రలో పురుగు తొలిచింది. మండపం ఎదురుగా నాకు తెలిసిన విలేకరి ఒకాయన కనబడ్డాడు. "ఇంత మంచి కార్యక్రమం చేసి పేపర్లో ఏయించుకోవా అబ్బా?" అన్నాడు. నా కళ్ళ ముందు మా నాయన మెదిలాడు. పొద్దున్నే అరుగు మీద కూర్చొని జిల్లా పేజీలు చదివే మనిషి. ఆరోగ్య అధికారి పక్కన కొడుకు నిలబడి ఉన్న ఫోటో చూస్తే, నేను నోటితో చెప్పలేనిది పేపరు చెప్పేస్తుంది. పేపర్లో వచ్చిందంటే ఆయనకది గౌరవమైన పనే. ఈ ఆలోచన నాకు అమోఘంగా తోచింది.

అప్పట్లో వార్తలు బస్సుల్లో పోయేవి. చిత్తూరు విలేకరులు వార్తా, ఫోటో కవర్లో పెట్టి తిరుపతి బస్సు డ్రైవరుకు ఇచ్చేవాళ్ళు. డ్రైవరు దాన్ని తిరుపతి బస్టాండులో కంట్రోలరు గదిలో వేసేవాడు. సాయంత్రం పేపరాఫీసు మనిషి వచ్చి ఏరుకొని పోయేవాడు. నేను స్టూడియోలో తొందరపెట్టి రెండు కాపీలు కడిగించి, ఒకటి ఫిలిం ముక్కతో సహా నా సంచిలో వేసుకొని, వార్త నా చేత్తోనే రాసి, కవరు అంటించి, మూడు గంటల బస్సు డ్రైవరు చేతిలో పెట్టి, మహా ఘనకార్యం చేసినట్టు మండపానికి తిరిగొచ్చాను.

అక్కా నర్సమ్మా జంఖానాలు మడత పెడుతున్నారు. "సార్, ఆ ఫోటో నాకొకటి ఇస్తారా?" అని అడిగింది అక్క. ఆమె చేతిలో సర్టిఫికెట్టు గొట్టంలా చుట్టి ఉంది.

"కాపీ ఎందుకక్కా, రేపు పేపర్లోనే వస్తుంది" అన్నాను గొప్పగా.

జంఖానా ఆమె చేతిలోంచి జారిపోయింది. "యా పేపరు?" అంది.

చెప్పాను. ఆమె గోడకు ఆనుకొని కూలబడింది. "మా ఇంటి కింద టీ బంకులో అదే ఏస్తారు. వీధంతా ఆడనే సదవతారు" అంది నెమ్మదిగా. ఏడవలేదు, తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. నేను రాసిన చార్టు ఆమె తలకు జానెడు పైన వేలాడుతూ ఉంది.

నర్సమ్మ మాత్రం ఊరుకోలేదు. "సదవేస్తే ఉన్న మతి పోయిందంటే ఇదే అబ్బయ్యా. అయిదు దినాలు వీళ్ళ నోర్లకు తాళాలేసి, నువ్వు పోయి దండోరా ఏసొస్తివా?" అంది. పేపరాఫీసుకు ఫోను చేస్తానన్నాను. "చెయ్యి. వద్దని చెప్తే ఎందుకు వద్దంటాండాడో అని ఇంగా పెద్దగా ఏస్తారు. కవరు ఆ గది దాటక ముందే తెచ్చుకో, పో" అని తరిమింది.

నేను బస్టాండుకు పరుగెత్తాను. అక్క నా వెనకే వచ్చింది. వద్దన్నా వినలేదు. తరువాతి తిరుపతి బస్సు నలభై నిమిషాలు ఆలస్యంగా బయలుదేరింది. దారిలో ఉన్న ప్రతి ఊళ్ళోనూ అది ఆగింది. కాణిపాకం నుంచి వచ్చే భక్తులు ప్రసాదం పొట్లాలతో ఎక్కి, తీరుబడిగా సర్దుకొని కూర్చున్నారు. పాకాల దగ్గర డ్రైవరు టీ తాగడానికి దిగితే నేను కిటికీలోంచి చూస్తూ పళ్ళు కొరుక్కున్నాను.

"ఫోటో తీసేటప్పుడు ఒక్క మాటన్నా అనలేదే అక్కా?" అని అడిగాను. తప్పు నాదే అయినా ఎక్కడో ఒకచోట కాస్త ఆమె మీదికి నెట్టాలని నా మనసు వెతుకుతోంది.

"మీరే గదా సార్ సెప్పింది, మన జ్ఞాపకానికని. నమ్మినా" అంది ఆమె, రోడ్డు వైపే చూస్తూ.

తిరుపతి చేరేసరికి ఆరు కావస్తోంది. కంట్రోలరు గది కిటికీ ముందు ఏడెనిమిది మంది నిలబడి ఉన్నారు. లోపల బల్ల మీద కవర్ల కట్ట ఉంది. పైనే నా దస్తూరీ కనబడింది. పేపరాఫీసు మనిషి ఇంకా రాలేదు. నాకు ప్రాణం లేచొచ్చింది.

"ఆ కవరు నాది సార్, వెనక్కివ్వాలి" అన్నాను.

"పేపరాఫీసుకని రాసుండాదే. నీకెట్లా ఇచ్చేది?" అన్నాడు కంట్రోలరు, రిజిస్టరులోంచి తలెత్తకుండా.

నేను గొంతు సవరించుకున్నాను. "సార్, ఇది చాలా సున్నితమైన విషయం. ఇందులో ఫోటో ఉంది. ఆ ఫోటోలో ఉన్న మహిళలు ఎవరంటే..." అని మొదలుపెట్టాను. నా వెనక ఉన్నవాళ్ళు మెడలు సాచారు. నాకది తెలుస్తూనే ఉంది, నోరు మాత్రం ఆగడం లేదు.

అక్క మోచేత్తో నన్ను పక్కకు నెట్టింది. "మా తమ్ముడు సామీ ఈడు. మా చిన్నాయన పోయి ఏడాదైంది, పేపర్లో శ్రద్ధాంజలి ఏయించమని ఫోటో ఇచ్చి పంపితే, పోయినాయన ఫోటో ఇంట్లో పెట్టి బతికుండే మామ ఫోటో కవర్లో ఏసి పంపినాడు. రేపు ఆయన టీ తాగతా పేపరు తీసినాడంటే మమ్మల్ని బతకనిస్తాడా?" అంది.

కంట్రోలరు తలెత్తి నన్ను చూశాడు. నా మొహం ఆ కథకు సరిగ్గా సరిపోయింది కాబోలు, కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. వరసలో ఉన్నవాళ్ళూ నవ్వారు. "ఏమప్పా, బతికుండే మనిషికి దండ ఏస్తివే" అన్నాడు ఒక పెద్దాయన నా భుజం తట్టి. కంట్రోలరు, కవరు మీది దస్తూరీ నాదేనా అని ఒక కాగితం మీద రాయించుకొని చూసి, సంతకం తీసుకొని ఇచ్చేశాడు. చెప్పకూడనిదేమీ చెప్పకుండా పని జరిపించుకోవడం ఎట్లాగో అయిదు రోజులు పాఠం చెప్పిన వాడిని నేను. చేసి చూపించింది ఆమె.

బస్టాండులో ఒక మూల సిమెంటు బల్ల మీద కూర్చొని కవరు చించాం. ముందు నేను రాసిన వార్త బయటికొచ్చింది. ఆమెకు కూడబలుక్కొని చదవడం వచ్చు. వేలు పెట్టి ఒక్కొక్క వరసా చదివింది. మొదటి వరసలో సెక్స్ వర్కర్లకు శిక్షణ అని ఉంది. రెండో వరసలో నా పేరు. కింద పన్నెండు మంది పేర్లు. వివరంగా ఉంటే వార్తకు నిండుదనం వస్తుందని పేర్ల పక్కన వీధులు కూడా రాసిపెట్టాను.

వేలు ఆమె పేరు దగ్గర ఆగింది. "ఇంటిపేరు కూడా సరిగ్గా రాసినారు సార్" అంది.

ఎగతాళి కాదు. ఉన్నమాట అంది. "తప్పయిపోయిందక్కా" అన్నాను. వార్త కాగితాన్ని ముక్కలు ముక్కలుగా చించేశాను. ఆమె ఆ ముక్కలన్నీ కింద పడకుండా కొంగులో పట్టుకుంది.

ఫోటో మాత్రం చించనివ్వలేదు. చాలాసేపు చూసింది. ఫోటోలో ఆమె సర్టిఫికెట్టు గుండెలకు ఆనించుకొని, తల ఎత్తి నిలబడి ఉంది. "బాగుండాది" అంది. "బిడ్డకి సూపిస్తా. ఇప్పుడు గాదు. దానికి తెలివొచ్చినాక, నేనే కూర్చోబెట్టి సెప్తా." తరువాత చెయ్యి చాపింది. "ఇంగో కాపీ ఉంటే అది కూడా ఇయ్యండి సార్. ఆ ఫిలిం ముక్క గూడా."

అది నా మొదటి శిక్షణ. నాకు మిగిలిన ఫోటో అదొక్కటే. సంచిలోంచి తీసి, ఒక్క క్షణం చెయ్యి వెనక్కి లాగాను, ఆ తరువాత అన్నీ ఇచ్చేశాను.

సోమవారం ఆమె హెల్తక్కగా పనిలో చేరింది. సంచి భుజానికి తగిలించుకొని బయలుదేరుతూ, ఏదో మామూలు సంగతి చెప్పినట్టు చెప్పింది. సభ జరిగిన మర్నాడు ఆమె తెల్లవారకముందే టీ బంకు దగ్గరికి వెళ్ళిందట. పేపరు వచ్చేదాకా అక్కడే నిలబడిందట. వార్తను తన కళ్ళ ముందే చించేసినా, ఫోటోలూ ఫిలిమూ తన పెట్టెలోనే ఉన్నా, బంకాయన ఆఖరి పేజీ తిప్పి పేపరు పక్కన పెట్టేదాకా ఆమె కదల్లేదు. ఆ తరువాతే ఇంట్లోకి పోయి బిడ్డను నిద్రలేపిందట.