ఆది జాకెట్టు మీద మూడు సున్నాలు

ఇరవై ఆరు మంది పేర్లు నేనే రాశాను. అందులో ఏడుగురు బండెక్కారు. పంతొమ్మిది మంది ఎక్కకుండా ఇళ్లకు వెళ్లిపోయారు. ఈ మూడు అంకెలూ ఎవరైనా వేయగలరు. ఆ పంతొమ్మిది మంది ఎందుకు వెళ్లిపోయారన్న చోట పరీక్షల బండితో వచ్చిన అధికారి తన రిజిస్టర్లో ఏం రాశాడో చూసిన రోజు నుంచి నా ఒంట్లో మంట ఆరలేదు.

నేను ఏడో తరగతితో బడి మానేశాను. అదీ ఒరియా బడి. లెక్కలు మాత్రం ఎవరూ నేర్పకుండానే వచ్చాయి. బడా బజార్లో మాది నాలుగు తరాల బట్టల దుకాణం. వెనక ఇల్లు, ముందు దుకాణం. కోడలిగా వచ్చిన కొత్తలో తెర వెనక కూర్చుని, ముందు కొలిచే మీటర్లు వింటూ మనసులో కూడేదాన్ని. బట్ట తానులో మిగులు ఎంతో బయటవాళ్లు చెప్పేలోపు నాకు తెలిసిపోయేది. ఇప్పుడు నాకు నలభై ఎనిమిది. మా వీధి మహిళా సంఘంలో ఏది లెక్కపెట్టాలన్నా నన్నే పిలుస్తారు. అందుకే రొమ్ము పరీక్షల బండి వస్తోందంటే పేర్లు రాసే పని నాకే అప్పజెప్పారు.

రాసేముందు ఫోను చేసి ఒకటే అడిగాను. పరీక్ష చేసేది ఆడవాళ్లా, మగవాళ్లా? అటువైపు మాట్లాడినాయన నవ్వాడు. డాక్టర్ పాఖొరె లాజొ కొణొ అన్నాడు. డాక్టరు దగ్గర సిగ్గేమిటని. నేను అడిగింది సిగ్గు గురించి కాదు. ఆడా మగా అని. ఆ ప్రశ్నకు జవాబు రాలేదు.

పేర్లలో మొదటిది మా పెద్ద తోడికోడలిది. నా కన్నా ఐదేళ్లు పెద్ద. అక్కను పిలిచినట్టు అప్పా అని పిలుస్తాను. పేరు రాస్తుంటే, ఎడమ పక్క ఏదో గట్టిగా తగులుతోందని ఆమె నాతో మెల్లిగా చెప్పింది. ఎన్నాళ్లుగా అంటే చెప్పలేదు. ఆమె కోసమే మిగతా పాతిక మందినీ పోగుచేశానంటే అబద్ధం కాదు. ఒక్కతే వెళ్లదు. గుంపులో అయితే వెళ్తుందనుకున్నాను.

బండి కల్యాణ మండపం ఆవరణలో ఆగింది. తొమ్మిదిన్నరకల్లా ఇరవై ఆరుగురూ వచ్చారు. నా చేతిలో కాగితం, పెన్సిలు. పది గంటల పది నిమిషాల దాకా ఒక్కరు కూడా వరస తప్పుకోలేదు. అప్పటిదాకా తలుపు దగ్గర నిలబడి పేర్లు పిలిచింది ఒక నర్సమ్మ. లోపల కూడా ఆమె ఉంటుందనే అందరూ అనుకున్నారు. మొదటి ముగ్గురూ ఆ నమ్మకంతోనే వెళ్లారు. ఆ ముగ్గురూ దిగి వచ్చాక ఎవరి మొహమూ చూడకుండా, చెప్పులు సగం తొడుక్కుని వెళ్లిపోయారు. నేను ఏడుగురని లెక్కేసినవాళ్లలో వాళ్లూ ఉన్నారు. పరీక్ష అయిందా అంటే అయింది. మళ్లీ వస్తారా అంటే ఆ అంకె నా దగ్గర లేదు.

పది గంటల పది నిమిషాలకు నర్సమ్మ కింద బల్ల దగ్గరికి వెళ్లింది. తలుపు తీసి మగమనిషి తల బయటపెట్టి నాలుగో పేరు పిలిచాడు. ముప్పై దాటిన మనిషి. మర్యాదగానే పిలిచాడు. కానీ తలుపు సందులోంచి లోపల ఉన్నది వరసలో ఉన్నవాళ్లందరికీ కనిపించింది. ఒక యంత్రం, ఒక తెర, ఆ తెర ఇవతల ఇతను. పై బట్ట తీసి నిలబడాలి. రెండు పలకల మధ్య సరిగ్గా అమిరేలా అతనే చేత్తో పట్టి పెట్టాలి. ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

తర్వాతి ఇరవై నిమిషాల్లో పదకొండు మంది వెళ్లిపోయారు. ఒకామె పాలు పొయ్యి మీద పెట్టి వచ్చానంది. ఇంకొకామె అత్తగారి మాత్రకు వేళయిందంది. మనవడి బడి బండి వస్తుందని ఒకరు. ఆ రోజు ఆదివారం. అన్నీ రాసుకున్నాను. ఒకే సాకు రెండుసార్లు రాలేదు. అంత జాగ్రత్తగా ఎవరికి వాళ్లు వేరే సాకు వెతుక్కున్నారు.

నా కాగితంలో మొదటి పేరే అయినా, వెనక్కి జరిగి అప్ప పదకొండో స్థానంలో ఉంది. ముందు ఇద్దరే మిగిలారనగా వరసలోంచి తప్పుకుని, ఇంటికి తాళం వేయలేదంది.

"ఇంట్లో ఆరుగురున్నారు. తాళమెవులికప్పా, దొంగలకా, నీకా?" అన్నాను, అందరూ వినేలాగా.

నలుగురు నవ్వారు. అప్ప కూడా నవ్వింది. నవ్వుతూనే గేటు దాటింది. ఇన్నేళ్లలో నేనేసిన తప్పుడు లెక్క అదొక్కటే. పదిమంది సాకులు కాగితం మీద రాసుకుని అవి సాకులని తెలుసుకున్నదాన్ని, సొంత ఇంటి మనిషి సాకు దగ్గర ఎగతాళి చేశాను.

మధ్యాహ్నం బల్ల దగ్గరకు వెళ్లి రెండోసారి అడిగాను. ఆడవాళ్లు చేసే వీలుందా? రాసుకుంటున్న అధికారి తలెత్తలేదు. మీ తెలుగువాళ్లకు లాజొ ఎక్కువ అన్నాడు. వెళ్లిపోయిన పంతొమ్మిది మందిలో ఎనిమిది మంది ఒరియావాళ్లని చెప్పాను. పేర్లు చదివాను. అప్పుడు తల ఎత్తాడు. ఆ ఎత్తినప్పుడే అతని రిజిస్టరు నాకు కనిపించింది. కారణం అన్న గడిలో మొదటి పేరుకు ఎదురుగా లాజొ అని రాసి ఉంది. దాని కింద పద్దెనిమిది డిట్టో గుర్తులు. పాలు లేవు, మాత్ర లేదు, తలుపు తీసిన మగమనిషీ లేడు. పంతొమ్మిది మంది ఆడవాళ్లకు ఒకే ఒక్క మాట.

మా ఇళ్లలో ఒక అలవాటు ఉంది. అది చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. మా ఆడవాళ్లను దర్జీ ముట్టుకుని కొలవడు. ఆది జాకెట్టు పంపిస్తాం. అంతవరకు అన్నిచోట్లా ఉన్నదే. మా ఇంట్లో ఇంకొకటి కూడా ఉంది. ఫలానా చోట బిగుతుగా ఉంది, ఫలానా చోట వదులు చెయ్యి అని నోటితో చెప్పరు. ఆ చోట ఆది జాకెట్టు మీద నల్లదారంతో గుర్తు కుడతారు. ఒక కుట్టు అయితే బిగించాలని, రెండు అయితే వదలాలని. మా అత్తగారి కాలం నుంచీ ఇదే. ముప్పై ఏళ్లుగా మాకు కుట్టే ముసలి దర్జీ ఆ దారాలు చూసి, ఒక్క ప్రశ్న అడగకుండా కుట్టి పంపుతాడు. పెళ్లయిన కొత్తలో నాకు ఇది భలే ముచ్చటగా ఉండేది.

బండి వెళ్లిన రెండో రోజు అప్ప నా గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. కొంగు కింద నుంచి తన ఆది జాకెట్టు తీసి నా ఒళ్లో పెట్టింది.

"ఇది అట్టుకెల్లు సెల్లీ. డాట్టరుకి సూపించు. ఎక్కడుందో ఎంతుందో అంతా కుట్టినాను. దర్జీకి తెలిసినప్పుడు డాట్టరుకి తెల్దేటి?"

ఎడమ పక్క, చంక వైపు, నల్లదారంతో మూడు సున్నాలు. ఒకదాని చుట్టూ ఒకటి. మధ్యది చింతగింజంత. అది రథయాత్రకు కుట్టానంది. దాని చుట్టూ ఉన్నది దసరాకు. పైది మొన్న కార్తీక పున్నమికి. తగిలిన మేరకు వేలితో చూసుకుని, జాకెట్టు ఒంటి మీద ఉండగానే సూదితో గుర్తు పెట్టుకుని, విప్పాక కుట్టిందట.

నవ్వొచ్చే పనే. నాకు నవ్వు రాలేదు. టేపు తీసి కొలిచాను. పన్నెండు మిల్లీమీటర్లు, పద్దెనిమిది, ఇరవై ఆరు. సూది పోటులో ఒకటి రెండు అటూ ఇటూ వదిలేసినా, రథయాత్ర నుంచి దసరాకు పద్నాలుగు వారాల్లో ఆరు పెరిగింది. దసరా నుంచి పున్నమికి ఐదు వారాల్లో ఎనిమిది. ఇంతకన్నా చిన్న లెక్క నేను ఎప్పుడూ వేయలేదు. తెర వెనక కూర్చుని లెక్కలు నేర్చుకున్నందుకు మొదటిసారి నన్ను నేను తిట్టుకున్నాను.

"నువ్వే రాకూడదేటప్పా?" అన్నాను.

"నీ బావగారు కూడా ఎలుగులో సూడనేదే. ఆడి సేతిలో ఎలా ఎట్టీమంటావు?"

ఆడంటే ఆ యంత్రం దగ్గరి మనిషి. ప్రాణం కన్నా సిగ్గు ఎక్కువా అని అడగడం తేలిక. ఆ ప్రశ్న అడిగేవాళ్లను చాలామందిని చూశాను. వాళ్లలో ఒక్కరినీ ఎవరూ పై బట్ట తీసి నిలబడమనలేదు.

మర్నాడు జాకెట్టు మడిచి, సంచిలో పెట్టుకుని, పరీక్షలు చేసే కేంద్రానికి వెళ్లాను. ముందు కనిపించింది ఆ బండిలోని మనిషే. నన్ను గుర్తుపట్టాడు. నేను చాలా మాటలన్నాను. తలుపు అలా ఎందుకు తీశావన్నాను. నర్సమ్మను కింద ఎందుకు కూర్చోబెట్టారన్నాను. అతను అన్నీ విన్నాడు.

"నన్ను తిడతన్నారు గాని అమ్మా, మాది ఆర్యపల్లి. మా అమ్మ సేపలమ్ముతాది. బేరంలో మొగోలందర్నీ ఓడించీగలదు. అలాటిది, నా మిషన్ కాడికి రమ్మంటే రానన్నాది. మరి మీవోలెందుకొత్తారు?"

నా కోపం అతని మీంచి జారి పక్కకు పడింది. అక్కడ నాకు తెలిసిన సంగతి ఇది. అదే కేంద్రంలో అదే పరీక్ష చేసే ఆడమనిషి ఉంది. ప్రతి గురువారం వస్తుంది. మొదటి నుంచీ వస్తోంది. గురువారాల్లో సగం పొద్దు ఖాళీగా కూర్చుంటుంది. ఎందుకంటే ఆమె వస్తుందని ఎవరికీ తెలియదు.

అధికారి గదిలోకి వెళ్లాను. జాకెట్టు బల్ల మీద పరిచాను. ఇదేమిటన్నాడు. బట్టకు ఎక్స్‌రే తీయమంటారా అని పక్కనున్నతనితో అని నవ్వాడు. నేను టేపు తీసి మూడు సున్నాలూ కొలిచి, వారాలూ మిల్లీమీటర్లూ చెప్పాను. పక్కనున్నతను నవ్వడం మానేశాడు. అధికారి మానలేదు గాని తగ్గించాడు. గురువారం సంగతి ముందే ఎందుకు చెప్పలేదన్నాను.

"కెహి పచారి నాహాంతి," అన్నాడు. ఎవరూ అడగలేదట.

ఫోనులో ఒకసారి, బల్ల దగ్గర ఒకసారి. నేను రెండుసార్లు అడిగాను. ఆ మాట అన్నాను. మిగతావాళ్లు అడగలేదు, నిజమే. ఎవరిని అడగాలి? తలుపు తీసిన మగవాడినా? నాకు నీ చేయి వద్దని అతని మొహం మీద చెప్పగలిగిన మనిషికి సిగ్గెందుకుంటుంది? ఇదంతా తెలుగులో అరిచాను. అతనికి ఎంత అర్థమైందో తెలియదు. రిజిస్టర్లో లాజొ కొట్టేసి, మగ సిబ్బంది అని రాయమన్నాను. ఒకసారి రాసింది మార్చకూడదన్నాడు. నా కాగితం మీద పంతొమ్మిది పేర్లూ రాసి, ప్రతి పేరుకూ ఎదురుగా పూర్తి కారణం రాసి, ఒక్క డిట్టో గుర్తు పెట్టకుండా అతని ముందు పెట్టాను. పేపర్‌వెయిట్ కింద పెట్టాడు. అక్కడే ఉండి ఉంటుంది.

గురువారం అప్ప వచ్చింది. ఆడమనిషి ఉందంటే నమ్మలేదు. నేను ముందు లోపలికి వెళ్లి చూసి వచ్చాక గాని రిక్షా దిగలేదు. పదకొండు నిమిషాలు పట్టింది. బయటకొచ్చి, "ఆ పిల్ల సేతులు సల్లగున్నాయే" అంది. అంతే.

తర్వాత సూది పరీక్ష, ఆ తర్వాత విశాఖపట్నం. ఎడమ రొమ్ము తీసేశారు. ఇంకాస్త ముందు వచ్చి ఉంటే ఇంత కోయాల్సి వచ్చేది కాదేమో అని అక్కడి డాక్టరమ్మ అంది. ఏమో అన్న మాట నేను కొలవలేను. అందుకే అది నన్ను వదలదు. అప్ప మాత్రం బతికి ఉంది. వంటింట్లో నా మీద అరుస్తోంది. మందులకు జుట్టు ఊడి మళ్లీ వచ్చింది.

మిగిలిన పద్దెనిమిది మందిలో పదమూడు మందిని గురువారాల్లో తీసుకెళ్లాను. ఐదుగురు ఇంకా రాలేదు. ఒకామె కాపురం పురుషోత్తంపూర్‌కి మారింది, అక్కడికీ వెళ్లాను. కేంద్రం గేటు మీద "గురువారం ఆడమనిషి చూస్తుంది" అని తెలుగులో, ఒరియాలో రాసి అతికించాను. చింపేశారు. మళ్లీ అతికించాను. ఇప్పటికి నాలుగుసార్లు. ఆ కేంద్రానికి గోడలున్నాయి, రంగులున్నాయి, చేతులు కడుక్కునే పద్ధతి ఆరు బొమ్మలతో ఉంది. ఈ ఒక్క వాక్యానికి చోటు లేదట.

మొన్న అప్పకు కొత్త జాకెట్లు కుట్టించాల్సి వచ్చింది. ఆది జాకెట్టు ఆసుపత్రి కాగితాలతో పాటు నా పెట్టెలో ఉంది. ఉన్నా పనికిరాదు. మా ఇంట్లో మొదటిసారి మనిషిని నిలబెట్టి కొలిచాం. నేనే కొలిచాను. కుడి పక్క, ఎడమ పక్క విడివిడిగా రాసి దర్జీకి ఇచ్చాను. అతను కళ్లజోడు సర్దుకుని కాగితం రెండుసార్లు చూశాడు.

"ఎడంపక్క కుడిపక్క ఒక్కలా నేవమ్మా. ఎక్కడో తప్పయినట్టున్నాది. ఆది జాకెట్టు అట్రండి, సూస్తాను."

"ఆది జాకెట్టు ఇంక నేదు. రెండుసార్లు కొలిసినాను, తప్పు నేదు. రాసినట్టే కుట్టండి."