ముందే చెప్పిన సాక్ష్యం

మా సంఘంలో ఒక పద్ధతి ఉండేది. జబ్బు నయం కాకముందే నయమైందని సాక్ష్యం చెప్పాలి. నయమయ్యాక ఎవరైనా చెబుతారు, ముందే చెప్పడమే విశ్వాసం అనేవారు పాస్టరుగారు. నాకు చిన్నప్పటి నుంచి ఫిట్స్. తెలంగాణ కోసం ఏదో ఒక బంద్ నడుస్తూనే ఉన్న రోజుల్లో, నేను డిగ్రీ చదువుతుండగా, సిరిసిల్లలో స్వస్థత కూడిక పెట్టారు. అక్కడ వేదికెక్కి నేనూ అలాగే చెప్పాను.

మాది కోరుట్ల. అమ్మ బీడీలు చుట్టేది. ఆ రోజు పని మానుకుని నాతో వచ్చింది. వేదిక ముందు పెద్ద గంప పెట్టారు. నయమైనవాళ్లు తాయెత్తులు, దారాలు, మందులు అందులో వేయాలి. జగిత్యాల డాక్టరు రాసిన గోలీలన్నీ వేసేసి మైకు పట్టుకున్నాను. "నాకు ఫిట్స్ పోయినయి, దేవునికి స్తోత్రం" అన్నాను. షామియానా ఎగిరిపోయేంత చప్పట్లు. నాకు ఆ చప్పట్లు నచ్చాయి, అబద్ధమెందుకు. అమ్మ మాత్రం గంప వంకే చూస్తూ ఉంది.

కొన్ని వారాలు బాగానే గడిచాయి. ఒక పొద్దున పళ్లు తోముకుంటూ బండల మీద పడిపోయాను. పాస్టరుగారు ఇంటికొచ్చి తల మీద చేయిపెట్టి ప్రార్థన చేశారు. పోతూ పోతూ, "ఎక్కడనో అనుమానపడ్డవమ్మా. అవిశ్వాసం ఉంటే స్వస్థత నిలువది" అన్నారు. నాకు ఒళ్లు మండింది. ఉన్న గోలీలన్నీ గంపలో పోసినదాన్ని, ఇంకేం పోయాలి? ఆయన మీదకన్నా దేవుడి మీద నాకు ఎక్కువ కోపమొచ్చింది.

అమ్మ బీడీల చాట పక్కన పెట్టి లేచింది. "విశ్వాసం విశ్వాసమే, గోలీ గోలీయే. నడువ్, జగిత్యాల పోదాం" అంది.

బంద్ వల్ల బస్సులు లేవు. ఆటోలో బయల్దేరాం. సగం దూరంలో వంటా వార్పు. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు, వాటి మీద గంజుల్లో అన్నం, పప్పు, పక్కన డప్పులు. రాష్ట్రం ఇచ్చేదాకా రోడ్డు మీదే వండుకుంటాం, ఇక్కడే తింటామని జనం కూర్చున్నారు. దవాఖానకని చెప్పడానికి అమ్మ దిగింది. నేను కూడా దిగి నిలబడి మనసులో దేవుడితో కొట్లాట పెట్టుకున్నాను. వీళ్లంతా ఢిల్లీని నిలదీస్తున్నారు, నేను నిన్ను నిలదీస్తున్నా. నీ పేరు మీద మైకులో చెబితే నన్ను అబద్ధాలకోరును చేశావెందుకు? ఆ మాట పూర్తయిందో లేదో, కళ్లు తిరిగాయి.

తెలివొచ్చేసరికి నా తల ఎవరో పెద్దమ్మ ఒడిలో ఉంది, అమ్మ నా కాళ్లు పట్టుకుని కూర్చుంది. ముఖాన రూపాయంత బొట్టు. నా పిడికిట్లో ఇనుప గంటె. ఫిట్స్ వచ్చినవాళ్ల చేతిలో ఇనుము పెట్టడం మా వైపు అలవాటు. మామూలుగా తాళంచెవులు పెడతారు. ఆమెకు అందింది పప్పు గంటె. మోచేతి దాకా పప్పు కారింది. నాకు తెలియకుండానే ఒంటేలై బట్టలు తడిసిపోయాయి. నాకు ఫిట్స్ కన్నా ఈ క్షణమంటేనే భయం. కళ్లు తెరవగానే చుట్టూ ముఖాలు, ఆ జాలి, ఆ గుసగుసలు.

పెద్దమ్మ గొంతెత్తింది. "గా డప్పులు ఆపుండ్రి! ఏం జూస్తుండ్రు? అందరు అటు మల్లుండ్రి!"

అందరూ మళ్లారు. ఢిల్లీకి వినబడేలా అరుస్తున్న అంతమందీ, చప్పుడు చేయకుండా నాకు వీపు తిప్పి గోడ కట్టినట్టు నిలబడ్డారు.

దేవుడు అప్పుడు వచ్చాడు. ఇంతకన్నా వివరంగా చెప్పడం నాకు రాదు. వెలుగు లేదు, స్వరం లేదు. కాలుతున్న తారు, పప్పు వాసన, ఆ మధ్యలో ఆయన ఉన్నాడు. సిలువ మోస్తూ జనం కళ్ల ముందు నడిచినవాడు, బట్టలు కూడా ఒలిపించుకున్నవాడు. ఈ సిగ్గు ఆయనకు తెలుసు. ఆయన నన్ను లేవమనలేదు, నాతోపాటు కింద ఉన్నాడు. నేను వెక్కి వెక్కి ఏడ్చాను.

"పడుడు నీ తప్పా బిడ్డా? లే, ఇంత బువ్వ తిని పో" అంది పెద్దమ్మ. నాకు తన తువ్వాల చుట్టి, తినిపించి, దారి ఇప్పించింది. జగిత్యాలలో డాక్టరు చెడామడా తిట్టి మళ్లీ గోలీలు రాశాడు.

ఆదివారం సాక్ష్యాల వేళ లేచి నిలబడ్డాను. పాస్టరుగారి ముఖం వెలిగింది.

"నాకు ఫిట్స్ పోలేదు" అన్నాను. "మొన్న రోడ్డు మీద పడ్డ. ఇప్పుడు గోలీలు మింగుతున్న. గా రోడ్డు మీదికి దేవుడు అచ్చిండు. నా సిగ్గు తీస్కపోయిండు. ఇగ ఎవలు చూసినా నాకు భయం లేదు."

"కూసో అమ్మా. దీన్ని సాక్ష్యం అనరు."

"చూసింది చూసినట్టు చెప్పుడే గద అయ్యగారూ సాక్ష్యమంటే? సిరిసిల్లల చూడంది చెప్పిన, చప్పట్లు కొట్టిండ్రు. ఇయ్యాల చూసింది చెప్తున్న."

ఆయన మళ్లీ కూర్చోమన్నారు. నేను కూర్చోలేదు. అప్పుడు ఆడవాళ్ల వరుసలోంచి, చర్చిలో ఏనాడూ నోరు విప్పని మా అమ్మ "స్తోత్రం!" అని అరిచింది, బీడీ కార్ఖానలో ఆకు తక్కువ తూచినప్పుడు కొట్లాడే గొంతుతో.