జవాబుకు చోటు వదిలే పాట

వేగంగా పాడే ర్యాపర్లు నాకు నచ్చరు. ఊపిరి తీసుకోకుండా ఎన్ని మాటలు పడేశాడో అని చప్పట్లు కొట్టేవాళ్లు చాలామంది ఉంటారు. నాకు మాత్రం ఆ ఊపిరే వినపడాలి. మాట ఆగినచోట మనిషి లోపలికి గాలి లాక్కుంటాడు. వాడు చెప్పేది వాడికే పట్టిందా లేదా అన్నది నాకు అక్కడ తెలుస్తుంది.

ఈ మాట నేను అక్కతో తప్ప ఎవరితోనూ అనలేదు. అక్క అంటే మా పెద్దమ్మ కూతురు. నారాయణఖేడ్‌లో మా రెండు ఇళ్లకూ మధ్య ఒక్కటే గోడ. తను ఒక ప్రైవేటు దవాఖానలో నర్సు. డ్యూటీ దిగి స్నానం చేసి మిద్దెక్కేది. కుడి చెవి ఇయర్‌ఫోన్ తనకు, ఎడమది నాకు. వినడం తక్కువ, కొట్లాడుకోవడం ఎక్కువ.

అక్కకు పాతబస్తీ ర్యాపర్ ఒకతను ఇష్టం. హైదరాబాదీ ఉర్దూలో పాడతాడు, ఇరానీ హోటల్ బల్ల మీద చెయ్యి కొట్టి మాట్లాడినట్టు ఉంటుంది.

"గీయన పాడుతుంటె మా దవాఖాన ముందట ఆటోలోళ్లు కొట్లాడినట్టే ఉంటదే," అనేది.

మొదట్లో నాకూ నచ్చాడు. కిరాయి ఇంటి మీద, కారే పైకప్పు మీద పాడినన్నాళ్లూ నచ్చాడు. తర్వాత కారు కొన్నాడు. ఇక ప్రతి పాటలోనూ కారే.

"సంపాదించుకున్నడు, చెప్పుకోవద్దా?" అనేది అక్క.

"చెప్పుకోనీ. రోజు నన్ను ఎక్కించుకొని తిప్పుడు ఎందుకు?"

తెలుగులో పాడేవాళ్లలో చాలామంది మీద నాకు ఇంకో ఫిర్యాదు ఉంది. మాట మనదే, నోరు మాత్రం వేరే దేశంలో పెట్టి వస్తారు. అమెరికా వాళ్ల పాటలు నేను ముందు చదువుతాను, తర్వాత వింటాను. చదివితే నిలబడని పాట రెండోసారి వినను. అక్కకు ఈ పద్ధతి చూస్తే నవ్వు.

అందరికంటే నాకు ఇష్టమైనది ఉత్తర కర్ణాటక నుంచి వచ్చిన ఒకామె. మా అమ్మ పుట్టిల్లు కర్ణాటక సరిహద్దులోని నాగల్‌గిద్ద కాబట్టి కన్నడం నాకు సగానికి పైగా తెలుస్తుంది. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి ఒకరినొకరు పాటతో తిట్టుకునే పోటీలుంటాయి. వాటిలో ఆమెను చూడాలి. ఎదుటివాడు ఆమె నలుపునీ, ఊరినీ, ఎత్తుపళ్లనీ తిట్టిపోస్తాడు. ఆమె వంతు వస్తే ముందు తన పళ్లతోనే మొదలుపెడుతుంది. తనను తాను ఎంత బాగా తిట్టుకుంటుందంటే, ఎదుటివాడి తిట్లు చప్పగా అయిపోతాయి. అప్పుడు మెల్లగా వాడి వైపు తిరుగుతుంది. చివరికి ఒక ప్రశ్న అడిగి, మైకు వాడి వైపు చాపి, వెనక్కి జరుగుతుంది.

ఆ వెనక్కి జరగడం కోసమే నేను ఆమెను చూస్తాను. తిట్టు పాట ఎదుటివాళ్లకు జవాబు చెప్పుకునే చోటు వదలాలి. వదలకపోతే అది పాట కాదు, దెబ్బ. డైరీలో అలాగే రాసుకుని, అక్కకు చదివి వినిపించాను.

"కూసోని తీర్పులు మస్తు ఇస్తవ్. నువ్వు ఒక్కనాడన్న నోరు తెరిచి పాడినవా?" అంది.

లేదు. కాలేజీలో హాజరు పిలిస్తే "ఎస్" అన్న నా గొంతు ముందు బెంచీ కూడా దాటదు. సార్లు నన్ను చేయి ఎత్తమంటారు.

ఈ మాఘమాసంలో అక్క పెళ్లి కుదిరింది. అబ్బాయిది నాగల్‌గిద్ద దగ్గరి ఊరు, ఇంట్లో కన్నడం మాట్లాడే కుటుంబం. కందులు, జొన్నలు పండిస్తారు. సంబంధం కుదిర్చింది అబ్బాయి తల్లే. టైఫాయిడ్‌తో ఆ దవాఖానలో పడుకున్నప్పుడు, తనకు సూది వేసిన పిల్ల కావాలని పట్టుబట్టింది. మా ఇంట్లో అందరికీ తెలిసింది ఇంతవరకే.

మిగతాది పెళ్లికి ముందురోజు సాయంత్రం, గోరింటాకు చేతులు ఆరబెట్టుకుంటూ అక్క నాకు చెప్పింది.

"రేపు మా అత్తమ్మ అన్న రాడు. కంది కోతలని చెప్తరు గని, కోతలు కాదు. ఆయన బిడ్డను అత్తమ్మ కొడుకుకే ఇయ్యాలని చిన్నప్పట్నుంచి అనుకున్నరట. అత్తమ్మ నా కోసం మేనరికం కాదన్నది. నీ గడప తొక్కనని ఆయన ఒట్టు వెట్టుకున్నడు. అత్తమ్మకు తల్లిగారిల్లే లేకుంట అయింది."

"పెద్దమ్మకు తెలుసా?"

"ఎవ్వరికి తెల్వదు. నువ్వు చెప్పకు. అమ్మకు తెలిస్తె పరేషాన్ అయితది. ఇది మంచి శకునం కాదంటది."

నేను చెప్పలేదు. చెప్పకూడదన్న మాట నాకు ఎప్పుడూ కష్టం కాదు. చెప్పమంటేనే కష్టం.

మా వైపు ఒక ఆచారం ఉంది. ఎదురుకోళ్లు అయ్యాక, ముహూర్తానికి ముందు, మగపెళ్లివాళ్లను మొదటి బంతిలో కూర్చోబెడతాం. వాళ్లు తింటుంటే ఆడపెళ్లివాళ్ల ఆడవాళ్లు నిలబడి పాటలతో వాళ్లను తిడతారు. వియ్యపురాలి చుట్టాలను ఒక్కొక్కరినీ వరసగా పిలిచి తిట్టాలి. ఎవరినైనా వదిలేస్తే వాళ్లను లెక్కచేయలేదని కోపాలొస్తాయి. ఇప్పుడు అన్ని ఫంక్షన్ హాళ్లలో డీజే బాక్సులు వచ్చి ఈ పాటలు పోతున్నాయి. కానీ మా మేనత్త ఊరుకోదు. అక్క పెళ్లికి డీజే ఆపించి మరీ తను నిలబడింది.

నేను స్తంభం వెనక నిలబడ్డాను. పెళ్లిళ్లలో అది నా చోటు.

పాట వియ్యపురాలి మామతో మొదలైంది. మీసం ఇంట్లో మరిచి వచ్చాడంది అత్త. వియ్యపురాలు నవ్వింది. సన్నటి మనిషి, గట్టి గొంతు. నోట్లో ముద్ద పెట్టుకుంటూనే కన్నడంలో ఏదో అనేసరికి, పక్కనున్న ఆడవాళ్లు విరగబడి నవ్వారు. తర్వాత తోడికోడలి వంతు వచ్చింది. తోటకూర కట్ట తెచ్చిందంట, ఇప్పి చూస్తే గడ్డి ఉందంట. మళ్లీ నవ్వులు.

మామ, తోడికోడలు, ఆడబిడ్డ. వరస ఎటు పోతోందో అప్పుడు నాకు అర్థమైంది. ఆడబిడ్డ తర్వాత అన్న వస్తాడు.

స్తంభం వెనక నుంచి కదిలాను. ఆడవాళ్ల భుజాల మధ్య దూరి అత్త వెనకకు చేరి, కొంగు పట్టి లాగాను.

"అత్తా, ఇగ చాలు. అన్న పాట వద్దు."

"ఏందే?"

"అన్న పాట వద్దు."

నా మాట నాకే సరిగా వినపడలేదు. అత్త ఒక చేత్తో చెవి మూసుకుని శ్రుతి పట్టుకుంటోంది. రెండో చేత్తో నన్ను పక్కకు నెట్టింది. "పాడుతుంటె నడుమ అడ్డం రాకు పిల్లా! నీళ్లు కావాలంటె ఆడ ఉన్నయ్," అంది. అదే ఊపులో ఎత్తుకుంది.

*అన్న యాడ? ఇయ్యపురాలా, నీ అన్న యాడ?*
*అన్నమంటె రాలేదా, నువ్వంటె గిట్టక రాలేదా?*

మా వాళ్లు చప్పట్లు కొట్టారు. వాళ్లకు తెలియదు. అత్తకూ తెలియదు. అది ఏ పెళ్లిలోనైనా పాడే వరసే. అవతలి వైపు ఒక్కరూ నవ్వలేదు.

వియ్యపురాలి చెయ్యి విస్తరి మీద ఆగింది. కలిపిన ముద్దను మెల్లగా వదిలేసింది. ఎడమచేత్తో గ్లాసు తీసుకుని, కుడిచేతి మీద నీళ్లు పోసుకోవడానికి వంచింది.

"సాకు," అంది. కన్నడంలో 'చాలు' అని.

బంతిలో మా వైపు పద్ధతి అందరికీ తెలిసిందే. వియ్యపురాలు అన్నం మీద అలిగి లేస్తే వెంట వచ్చినవాళ్లందరూ లేవాలి. తర్వాత పెద్దమనుషులు, పంచాయితీ. మా వాడలోనే ఒక పెళ్లిలో అలా లేచిన బంతిని మళ్లీ కూర్చోబెట్టేలోపు ముహూర్తం దాటిపోయింది. ఆ పెళ్లి జరగనే లేదు.

"ఏళ్రి, ఏళ్రి," అన్నాడు వాళ్లలో ఒక పెద్దాయన. లెమ్మని. కుర్చీలు వెనక్కి జరిగిన చప్పుడు వినపడింది.

పప్పుచారు బకెట్ పట్టుకున్న పెద్దమ్మ అక్కడే కొయ్యబారిపోయింది. "ఏమైంది? ఏమన్నం మేము?" అని అత్త అందరి మొహాలూ చూస్తోంది. పెళ్లికూతురి గది తలుపు సందులో అక్క కనపడింది. తను నన్నే చూస్తోంది. ఆ హాల్లో ఏం జరిగిందో మా వైపు తెలిసింది మా ఇద్దరికే. తను పెళ్లికూతురు, బయటికి రాకూడదు.

వియ్యపురాలు సగం లేచింది.

నేను ధైర్యం తెచ్చుకున్నానని చెప్పలేను. అత్త నెట్టాక మళ్లీ నా స్తంభం దగ్గరికే చేరి, దాన్ని పట్టుకుని ఉన్నాను. పాట పోటీల్లో ఎత్తుపళ్ల ఆమె ఎలా మొదలుపెడుతుందో అది మాత్రం తలలో తిరుగుతోంది. అరచేత్తో స్తంభం మీద కొట్టాను. రెండోసారి కొట్టాను. మొదటి మాట పగిలి వచ్చింది.

*మా అత్త నోటికి ముందు చూపు లేదు*
*మా పప్పుచారుల చింతపండు లేదు*
*స్తంభం ఎనక దాగిన నాకు గొంతే లేదు*

ఊపిరి తీసుకున్నాను. హాలంతా నిశ్శబ్దంగా ఉండడం వల్ల ఆ ఊపిరి అందరికీ వినపడింది.

*మా పిల్లకు సూది తప్ప గరిటె రాదు*
*పిల్లను ఇస్తున్నం గని తెలివి ఇస్తలేము*
*మమ్మల తిట్టకుంట లేస్తె, ఇయ్యపురాలా,*
*గెలిచింది ఎవరు? మీరా, మేమా?*

ఇక నా దగ్గర మాటలు లేవు. వెనక్కి జరిగాను. జరగడానికి చోటు లేక వీపు గోడకు తగిలింది.

వియ్యపురాలు అలాగే సగం లేచి ఉంది. పెద్దాయన మళ్లీ "ఏళ్రి" అనబోతే చెయ్యి చూపించి ఆపింది.

"యారది?" అంది. ఎవరది అని. "స్తంభం ఎనక ఉన్న పోరి ఎవ్వరు? బా ఇల్లి. ముందటికి రా."

పోయాను. అందరూ చూస్తున్నారు. ఆమె నా మొహంలోకి చాలాసేపు చూసింది.

"ఏమే, మా కోడలికి ఏమవుతవ్?"

"చెల్లెను."

"నీకు తెలుసు గదా," అంది మెల్లగా, నాకు ఒక్కదానికే వినపడేలా.

తల ఊపాను. ఆమె నీళ్ల గ్లాసు కింద పెట్టి కూర్చుంది. బంతి మొత్తానికీ వినపడేలా గొంతు పెంచింది.

"గరిటె రాదంటవేందే? నాకు సూది ఏసిన చెయ్యి నాకు ఎరుక. గుచ్చినట్టే తెల్వలేదు. గందుకే తోల్కపోతున్న, వంటకు కాదు. పప్పుచారు సంగతి మాత్రం నిజమే చెప్పినవ్. చింతపండుకు కరువు వచ్చిందా మీ ఊర్ల?"

ముందు వాళ్ల వైపు ఎవరో నవ్వారు. తర్వాత మా వైపు. పెద్దమ్మ బకెట్ కింద పెట్టి కళ్లు తుడుచుకుంది. కుర్చీలు ముందుకు జరిగాయి. ఏం తప్పు చేసిందో అత్తకు ఇంకా తెలియదు. "మస్తు పాడినవ్ గని పిల్లా, నా నోటి మీద పడ్డవేంది?" అని నా జబ్బ మీద గిచ్చింది.

వియ్యపురాలు విస్తరిలో ముద్ద మళ్లీ కలిపింది. కొంచెమే తిన్నది. పచ్చడి, కూర అలాగే ఉన్నాయి. నవ్వుతూనే ఉంది, కానీ ఆ మనిషికి అన్నం దిగడం లేదని దగ్గర నిలబడ్డ నాకు తెలిసిపోయింది. ఆమెను బంతిలో కూర్చోబెట్టగలిగాను కానీ, అత్త అడిగిన ప్రశ్న ఇంకా అక్కడే ఉంది.

చెయ్యి కడుక్కునే ముందు నన్ను పిలిచింది.

"ఒక గిన్నెల అన్నీ పెట్టి కట్టియ్యి. బూందీ లడ్డు మర్చిపోకు."

"ఎవరికి?"

"మీ అత్త అడిగింది గదా, అన్న యాడ అని. మా అన్నకు. తింటడో పారేస్తడో ఆయన ఇష్టం."

మూత గట్టిగా పట్టే స్టీలు గిన్నె వెతికి తెచ్చి, అన్నీ సర్ది, తువ్వాల్లో కట్టి ఇచ్చాను. ముహూర్తానికి అక్క పీటల మీద కూర్చుంది. తలంబ్రాలు పోసేటప్పుడు కూడా వియ్యపురాలు ఆ మూటను ఎవరికీ ఇవ్వలేదు. అప్పగింతలయ్యాక బండి ఎక్కి ఒడిలో పెట్టుకుంది.

ఇప్పుడు మిద్దె మీద నేనొక్కదాన్నే వింటున్నాను. రెండు చెవులకూ పెట్టుకుంటే పాట మరీ దగ్గరగా ఉన్నట్టు ఉంటుంది, అందుకే కుడివైపుది తీసేస్తాను. కన్నడామె కొత్త పాట వచ్చింది. నాకు అంతగా నచ్చలేదు, ఈమె కూడా వేగం పెంచింది. ఆ మాట చెప్పడానికే మొన్న అక్కకు ఫోన్ చేశాను. పాట సంగతి అయ్యాక, అడగాలా వద్దా అనుకుంటూనే అడిగాను.

"గిన్నె ఏమైంది?"

"అత్తమ్మ మనిషితోని పంపింది. ఆయన బయటికి రాలేదట, ఆయన భార్య గడపల్నే తీసుకున్నదట."

"వాపస్ వచ్చిందా?"

"రాలేదే. పెండ్లయి నెల దాటింది. నేను కొత్త గిన్నె తెస్తనంటె అత్తమ్మ వద్దంటది."

"ఎందుకు?"

అక్క ఫోన్ కొంచెం దూరం పెట్టింది. అవతల వియ్యపురాలి గట్టి గొంతు వినపడింది. నాకు చెప్పమనే అంటోంది.

"వాపస్ పంపలేదంటె ఉంచుకున్నట్టే గద!"