నీళ్లు మోసుకు తిరిగే ఇంజను

పోయిన వారం మా ఇంట్లో గీజరు పని మానేసింది. నరసరావుపేటలో బోరునీళ్లు వాడుకునే ఇళ్లలో గీజరు రెండేళ్లు బతికితే గొప్పే కాబట్టి, మా ఆవిడ పెద్దగా ఆశ్చర్యపోకుండా పక్క బజారులో ఉండే మెకానిక్కుకు ఫోను చేసింది. ఆయన వచ్చి లోపలి కాయిలు ఊడదీసి, పెరట్లో బండమీద రెండు తట్లు తట్టేసరికి తెల్లటి పెచ్చులు పటపటా రాలాయి. నేను వంగి ఒక పెచ్చు తీసుకుని గోటితో విరిచి చూస్తుంటే, "ఏంది పెద్దాయనా, అట్టా చూస్తున్నారు, సున్నమే గదా" అన్నాడు. సున్నమే. ఒకప్పుడు ఈ పెచ్చుల్నే ఒక రైలింజను కడుపులోంచి గంపలకొద్దీ తీసినవాణ్ణని చెబితే, రైలుకు గీజరు దేనికని అడిగాడు. తప్పు ఆయనది కాదు, ఆవిరి ఇంజన్ని బొమ్మల్లో తప్ప చూడని ఈడు. ఆయన తన పని చూసుకుని వెళ్లిపోయాడు గానీ, నేను మాత్రం ఆ పూటంతా వసారాలో కూర్చుని యాభై ఏళ్ల వెనక్కి వెళ్లిపోయాను. నా ఈడువాళ్లకు ఈ అవస్థ కొత్త కాదు, మీరు అర్థం చేసుకుంటారు.

మాచర్లకూ గురజాలకూ నడుమ అప్పట్లో ఒక సున్నపురాయి గని ఉండేది. కంపెనీ పేరు చెప్పడం దేనికి, ఇప్పుడు కంపెనీయే లేదు. గనిలో తీసిన రాయిని రైల్వే వాళ్ల పట్టాల దాకా చేర్చడానికి కంపెనీ సొంతంగా నాలుగు మైళ్ల దారి వేసుకుంది. మీటరు గేజి, ఆ రోజుల్లో గుంటూరు నుంచి మాచర్ల వచ్చే బండి నడిచిన కొలతే. ఆ నాలుగు మైళ్ల మీద ఇంజను నడిపేది మా మామ, అంటే మా అమ్మకు సొంత తమ్ముడు. నేను ఫిట్టరు చదువు పూర్తి చేసి, రొంపిచెర్ల పక్కన మా ఊళ్లో అరుగులెక్కి కబుర్లు చెప్పుకుంటూ తిరుగుతుంటే, మా అమ్మ పోరు పడలేక ఆయనే తీసుకెళ్లి షెడ్డులో పెట్టించాడు. షెడ్డంటే ఏదో అనుకునేరు. నాలుగు ఇనుప స్తంభాలు, రేకుల కప్పు, ఇంజను కింద దూరి పనిచేసుకోవడానికి ఒక గుంట. అందులో ఫిట్టర్నీ నేనే, ఫిట్టరుకు సామాను అందించేవాణ్ణీ నేనే. మామకు పిల్లల్లేరు. నా మకాం, తిండి అన్నీ వాళ్లింట్లోనే.

ఆ ఇంజను మీరు స్టేషన్లలో చూసిన ఇంజన్లలాంటిది కాదు. ఆ పెద్దవాటికి వెనక ఇంకో బండి తగిలించి ఉండేది, బొగ్గూ నీళ్లూ అందులో ఉండేవి. మాది ట్యాంకు ఇంజను, తన నీళ్లు తనే మోసుకు తిరిగేది. బాయిలరుకు అటొకటి ఇటొకటి పొడుగాటి ఇనుప తొట్లు, గాడిద వీపున వేసిన జంట సంచుల్లాగా ఉండేవి. డ్రైవరు గది వెనక చిన్న బొగ్గు అర. ఆరు చక్రాలు ఇనుప కడ్డీలతో కలిసి తిరిగేవి, బొగ్గు అర బరువు మోయడానికి వెనక ఇంకో రెండు చిన్న చక్రాలు ఉండేవి. వెనకబండి అడ్డం లేదు కాబట్టి ముందుకు ఎంత సులువుగా పోయేదో వెనక్కీ అంత సులువుగా వచ్చేది, ఇంజన్ని అటునుంచిటు తిప్పి నిలబెట్టే ఏర్పాటేదీ అక్కర్లేదు. మా గని దగ్గర అలాంటిది కట్టే జాగా లేకనే ఈ రకం కొన్నారని మామ చెప్పేవాడు. ఒకే అచ్చున ఆరు ఇంజన్లు చేసి దొరల సీమ నుంచి ఓడలో మద్రాసు రేవులో దింపారట. తలా ఒక దిక్కుకు పోగా, రెండు మాత్రం ఎన్నో చేతులు మారి మా కంపెనీకి చేరాయట. ఇందులో ఎంత నిజమో, ఎంత మామ కల్పనో నాకు తెలియదు. నేను చేరేనాటికే ఆ రెండింటిలో ఒకటి తన సామానంతా రెండోదానికి ఇచ్చేసి షెడ్డు వెనక డొల్లగా నిలబడి ఉంది. తోబుట్టువంటే అదిరా, మనుషుల్లో చూపించు అట్టాంటిదాన్ని, అని మామ నన్ను ఆటపట్టించేవాడు, అప్పటికి మా అన్నకూ నాకూ పొలం గట్టు తగాదాతో మాటల్లేవు మరి.

ఈ రకం ఇంజన్లలో ఒక తెలివీ, ఒక తిక్కా ఉన్నాయి. నీళ్ల బరువంతా చక్రాల మీదే పడుతుంది కాబట్టి తొట్లు నిండుగా ఉన్నంతసేపూ పట్టాలను కరుచుకుని లాగుతుంది. నీళ్లు తగ్గేకొద్దీ తేలికైపోయి, ఎత్తు ఎక్కేచోట చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరుగుతాయి. అందుకని రాయి నింపిన వ్యాగన్లు లాగేముందు మామ రెండు తొట్లూ పొర్లిపోయేదాకా పట్టనిదే కదిలేవాడు కాదు. ఇక తిక్క సంగతి పల్నాడు ఎండలు తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. తొట్లలోని నీళ్లను బాయిలరులోకి ఎక్కించే ఇంజెక్టరు అనే ఇత్తడి సామాను ఒకటుంటుంది, దానికి చల్లటి నీళ్లు కావాలి, నీళ్లు వేడెక్కితే పట్టదు, ఉమ్మేస్తుంది. ఒకపక్క బాయిలరు సెగ, ఇంకోపక్క మే నెల ఎండ, మధ్యలో ఇరుక్కున్న తొట్లు చల్లగా ఎలా ఉంటాయి? సీమలో ఈ ఇంజన్ని గీసిన పెద్దమనిషికి ఆ ఆలోచన వచ్చి ఉండదు. మామ మాత్రం గోనెపట్టాలు తడిపి రెండు తొట్ల మీదా కప్పి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా వాటిని తడుపుతూనే ఉండేవాడు. జ్వరం వచ్చిన మనిషికి తడిగుడ్డ వేసినట్టే. దూరం నుంచి చూసేవాళ్లకు గోనెలు కప్పుకుని పొగలు కక్కుకుంటూ వచ్చే ఆ ఇంజను ఎంత నవ్వు తెప్పించేదో, నాకు అంత ముద్దొచ్చేది.

సాయంత్రం షెడ్డులోకి వచ్చాక తొట్లలో మిగిలిన నులివెచ్చటి నీళ్లు కాలనీ ఆడవాళ్లవి. అది ఎవరూ రాయని కట్టుబాటు. బిందెలతో వరసగా నిలబడేవాళ్లు, బాలింత ఉన్న ఇంటికి మొదటి బిందె, ఆ తర్వాత మిగతావాళ్లు. మా అత్త ఆ వరసకు పెత్తందారు. ఎవరైనా వరస తప్పితే ఆమె నోటికి మామ కూడా బొగ్గు అర చాటుకు తప్పుకునేవాడు. ఆ నీళ్లకు కాస్త ఇనుము వాసన, కాస్త నూనె వాసన ఉండేవి. అలాంటి స్నానం ఇప్పుడు ఏ గీజరూ పెట్టలేదని నేనంటే మా ఆవిడ నవ్వుతుంది.

అసలు కథ నీళ్లదే. కాలువ పారినన్నాళ్లూ ఇంజనుకు కాలువ నీళ్లు తెచ్చేవాళ్లం. కాలువకు నీళ్లు కట్టేశాక గతిలేక గని గుంటలో ఊరిన నీళ్లే పట్టేవాళ్లం. సున్నపురాయిలో ఊరిన నీళ్లు ఎలా ఉంటాయో మీకు తెలుసు. అవి బాయిలరులో మరిగి మరిగి గోడలకు పెచ్చు కడతాయి, పెచ్చు కట్టినచోట ఇనుముకు నీళ్ల చల్లదనం అందక కాలిపోతుంది. బొగ్గు మండే గదికీ బాయిలరు బయటి గోడకూ మధ్య బెత్తెడు సందులో నీళ్లుంటాయి. ఆ రెండు గోడలనూ కలిపి పట్టుకునేవి వేలిమందం బోల్టులు, వందలకొద్దీ. పెచ్చు కట్టినచోట ముందుగా విరిగేవి అవే. ఒకటి విరిగితే తెలియడానికి ప్రతి బోల్టుకూ బయటి కొసన గుండుసూది దూరేంత బెజ్జం పెడతారు, విరిగిందంటే అందులోంచి నీళ్లు చిమ్ముతాయి. ఆ బెజ్జం చిన్నదే గానీ మనిషి ప్రాణానికి కాపలా.

నేను చేరిన మూడో ఏడు, వేసవి చివర, బాయిలరు పరీక్షకు ఇన్‌స్పెక్టరు గారు వస్తున్నారని కబురొచ్చింది. ఏటా ఆయన వచ్చి సంతకం పెడితేనే ఇంజను తిరగాలి. ఆ ఏడు కంపెనీవాళ్లు ముందే తేల్చి చెప్పారు, ఈసారి ఏ మరమ్మతు పడినా పైసా పెట్టేది లేదు, పాత ఇనుముకు అమ్మేసి డీజిలు ఇంజను తెస్తామని. మామ ఆ మాట విని గోనెపట్టాలు తడపడానికి వెళ్లిపోయాడు. పరీక్షకు రెండురోజుల ముందు బాయిలరు కడుగుదామని నేను పొయ్యి గదిలోకి దూరి, వెనక గోడ బోల్టుల మీద సుత్తితో తట్టుకుంటూ పోతుంటే, మంచివన్నీ ఖంగుమంటున్నాయి, ఒక మూలకు వచ్చేసరికి పగిలిన కుండను తట్టినట్టు మొద్దు చప్పుడు. ఒకటి కాదు, పక్కపక్కనే ఐదు. బయటికి వచ్చి చూస్తే ఆ ఐదింటి బెజ్జాల్లోనూ సన్నటి మేకులు కోసి దిగ్గొట్టి, పైన మసి పూసి ఉంది. అది సరిగ్గా డ్రైవరు గదిలో మామ నిలబడే చోటు. ఇంకో మూరెడు పక్కన, మాటిమాటికీ పొయ్యిలో బొగ్గు ఎగేస్తూ మాచర్ల భాయి నిలబడతాడు. భాయి ఫైర్‌మన్, నలుగురు పిల్లల తండ్రి.

మేకులు ఎవరు కొట్టారో అడగాల్సిన పని లేదు. మామ చేతి పని నేను గుర్తుపట్టలేనా. ఆ సాయంత్రం గుంట దగ్గర ఇద్దరమే ఉన్నప్పుడు కదిపాను.

"చూశావుగా, ఇంక చూడలేదనుకోరా. ఇన్‌స్పెక్టరు లోపలికి దూరలేడు, నీ దెబ్బలు వినే రాసుకుంటాడు. ఆ మూలకొచ్చాక పక్కన మంచిదాన్నే ఐదుసార్లు కొట్టు. ఇన్నేళ్లు దాని ముందర నిలబడ్డా, నన్నేం చేయదది."

"భాయిని చేస్తే, మామా?"

ఆయన గోనెగుడ్డతో చేతుల మసి తుడుచుకున్నాడు. తర్వాత నా భుజం మీద చెయ్యేసి, "ఒక్క ఏడాదిరా. ఒక్క ఏడాది తిప్పనీ" అన్నాడు. నన్ను చేయిపట్టి తీసుకొచ్చి బతుకు చూపించిన మనిషి, ఎప్పుడూ ఎవర్నీ ఏదీ అడగని మనిషి, ఆ రోజు అడిగాడు. నేను సరే మామా అన్నాను.

ఈ కథలో నన్ను ఇప్పటికీ కోసేది ఆ సరే.

ఇన్‌స్పెక్టరు గారు భారీకాయం, మోకాళ్ల నొప్పులు. పొయ్యి తలుపులోంచి దూరడం ఆయనవల్ల ఏనాడూ కాలేదు. డ్రైవరు గది కింద కుర్చీ వేయించుకుని, కళ్లు మూసుకుని, లోపలినుంచి ఫిట్టరు కొట్టే ఒక్కో దెబ్బా విని కాగితం మీద టిక్కు పెట్టుకునేవారు. ఆయన చెవి మీద అందరికీ గురి. బాయిలరులో నీళ్లు నింపి ఒత్తిడి పెట్టాం, నేను పొయ్యి గదిలోకి దూరాను. వరసవరసా కొట్టుకుంటూ ఆ మూలకు వచ్చాను. పక్కన మంచి బోల్టు నా చేతికి అందుబాటులోనే ఉంది. పొయ్యి తలుపులోంచి భాయి కాళ్లు కనబడుతున్నాయి, చెప్పుల్లేని కాళ్లు. నేను విరిగినదాన్నే కొట్టాను. తర్వాత రెండోదాన్ని. మిగతా మూడూ ఒకటి తర్వాత ఒకటి కొట్టాను. బయట కాగితం చప్పుడు ఆగిపోయింది. "ఇంకోసారి కొట్టవయ్యా" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు. మళ్లీ కొట్టాను. నేను బయటికి వచ్చేసరికి మామ అక్కడ లేడు. కాలువ వైపు నడిచిపోతున్నాడని భాయి చెప్పాడు.

మేకుల సంగతి ఇన్‌స్పెక్టరు గారి కాగితంలోకి ఎక్కలేదు, ఆ మాత్రం దయ చూపించారు. ఇంజను మాత్రం ఆ రోజే ఆగిపోయింది. రెండేళ్లు తన తోబుట్టువు పక్కనే ఎండలో నిలబడి, చివరికి గుంటూరు నుంచి వచ్చిన ఇనప సామాను వాళ్ల చేతిలో ముక్కలైపోయింది. ఆ మూల ఇంకో ఏడాది నిలిచేదో, మర్నాడే పేలిపోయేదో నాకు ఇక తెలిసే దారి లేదు. భాయి మాచర్ల వెళ్లి లారీలో పనికి కుదిరాడు. డీజిలు ఎక్కమని కంపెనీ ఎంత బతిమాలినా మామ ఎక్కలేదు. గేటు దగ్గర పని అడిగి తీసుకుని, డీజిలు వచ్చినప్పుడల్లా పచ్చజెండా ఊపుతూ పదేళ్లు అక్కడే గడిపాడు. నన్ను ఒక్కమాట అనలేదు. తిట్టినా బాగుండేది, రెండు దెబ్బలు వేసినా బాగుండేది. పట్టిన నీళ్లు, పెట్టిన అన్నం, అన్నీ ఎప్పటిలాగే జరిగాయి.

చానా ఏళ్ల తర్వాత, మామ పని మానేశాక, ఒకసారి మా ఇంటికి భోజనానికి వచ్చారు అత్తా మామా. వడ్డిస్తుంటే ఏదో మాట మీద మా అత్త, "ఆ రోజు నువ్వట్టా చేయబట్టే గదయ్యా నా పసుపుకుంకాలు నిలిచినయ్" అనేసింది. పొగడటమే ఆమె ఉద్దేశం. మామ ముద్ద విస్తట్లో వదిలి, చేయి కడుక్కుని, వీధిలోకి వెళ్లి నిలబడ్డాడు. నేనూ వెళ్లి పక్కన నిలబడ్డాను. నీకు సరేనని చెప్పి ఉండాల్సింది కాదు మామా, విరిగినవాటినే కొడతానని ముందే చెప్పాల్సింది, అన్నాను. ఆయన రోడ్డు వైపే చూస్తూ, "నీ తప్పేం లేదులేవయ్యా" అన్నాడు. అంతే.

ఇప్పుడు మామ లేడు, అత్త లేదు. పెద్ద పట్టాలు వచ్చి, వాటిమీద కరెంటు తీగలు వచ్చి, మాచర్ల బండికి నీళ్లతోనూ బొగ్గుతోనూ పని లేకుండా పోయింది. మంచిదే, ఎవరి ప్రాణమూ ఒక బెజ్జం మీద ఆధారపడదు. గనికి వెళ్లే దారంతా సర్కారుతుమ్మ కమ్మేసింది, పట్టాలు ఎక్కడ ఉండేవో నాకే ఆనవాలు తెలియలేదు. నేను చేసింది తప్పని ఒక్కరోజు కూడా అనుకోలేదు, ఆ ఇంజను కోసం, దాని ముందు నిలబడిన మామ కోసం మనసు కొట్టుకోని రోజూ లేదు.

తమను ఒరేయ్ అని పిలిచేవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారని నా ఈడువాళ్లు కలిసినప్పుడల్లా బాధపడుతుంటారు. నా విషయంలో ఆ పిలుపు మనిషి కంటే ముందే వెళ్లిపోయింది. సుత్తి దెబ్బ విన్న ఆ రోజు నుంచి, ఇంకా ఇరవై రెండేళ్లు బతికి కూడా, మామ నన్ను 'ఏమయ్యా' అనే పిలిచాడు.